160 హార్స్‌పవర్ బండి తీసుకోనా వద్దా?

ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం పెద్ద అడ్వెంచర్ టూరింగ్ బళ్ళ మీదే, అంటే దూర ప్రయాణాలకీ కొంత మట్టి దారులకీ పనికొచ్చే ఎత్తైన బైకుల మీదే. అందుకే మిగతావి వచ్చే సంచికకి జరిపి వీటన్నిటినీ ఒకేచోట పెట్టాం.

ప్రశ్న: అన్నా, ఆరేళ్ళుగా 400 సీసీ సింగిల్ సిలిండర్ బండి నడుపుతున్నా. రోజూ ఆఫీసుకి అదే, లాంగ్ రైడ్‌కీ అదే. ఇప్పుడు కేటీఎం 1290 సూపర్ అడ్వెంచర్ ఎస్ మీద మనసు పడింది, సెకండ్‌హ్యాండ్‌లో ఒకటి మంచి కండిషన్లో కనపడింది, అది కొంటే పాతది అమ్మేస్తా. ఎత్తు 5 అడుగుల 8 అంగుళాలు. సగం మంది ఫ్రెండ్స్ 160 హార్స్‌పవర్ నీ వల్ల కాదంటున్నారు, మిగతావాళ్ళు ఆలోచించకుండా కొనేయమంటున్నారు. మీరేమంటారు? ఇంకోటి, ఆ బండి ఎక్కడైనా పడిపోతే ఒక్కడినే లేపగలనా?

జవాబు: తమ్ముడూ, చివర్లో అడిగావు చూడు పడిపోతే లేపగలనా అని, నీ ఉత్తరం మొత్తంలో అసలైన ప్రశ్న అదే, హార్స్‌పవర్ సంగతి తర్వాత చూద్దాం. ఈ రకం బళ్ళని చూసి జనం భయపడేది స్పీడుకి. కానీ ఇవి మనిషిని సతాయించేది ఎక్కువగా స్పీడు సున్నాకి దగ్గర్లో ఉన్నప్పుడే, అంటే పార్కింగ్‌లోంచి వెనక్కి తోసుకునేటప్పుడు, వాలు రోడ్డు మీద యూటర్న్ కొట్టేటప్పుడు, కంకర మీద ఆగి కాలు పెట్టేటప్పుడు. కేటీఎం వాళ్ళు ఈ బండికి డ్రై వెయిట్, అంటే పెట్రోలు లాంటివి పొయ్యకముందు బరువు, 220 కిలోలు అని రాస్తారు, 2021 తర్వాతి మోడల్ అయితే ట్యాంకు 23 లీటర్లు, నిండా కొట్టిస్తే పెట్రోలే 17 కిలోలు ఉంటుంది, ఆపైన ఆయిలు, కూలెంటు, క్రాష్ గార్డులు, బాక్సుల స్టాండ్లు అన్నీ కలిపితే నీ చేతుల్లో ఉండేది 250 కిలోలకి అటూఇటూ. సీటు ఎత్తు 849 మిల్లీమీటర్లు, పైకి పెడితే 869. నీ ఎత్తుకి పాదాల ముందు భాగం ఆనుతుంది, మడమలు ఆనవు. చదునైన రోడ్డు మీద అది చాలు. అదే కాలు పెట్టేచోట నేల రెండు అంగుళాలు కిందికి ఉందనుకో, బండి ఒక హద్దు దాటి వంగాక దాన్ని ఆపడం ఎంత బలమున్నోడి వల్లా కాదు, వదిలేసి పక్కకి జరిగిపోవాలి, కాలు పెట్టి ఆపాలని చూస్తే కాలే విరుగుతుంది.

లేపడం మాత్రం బలం కన్నా పద్ధతి మీద ఆధారపడ్డ పని. ముందు ఇంజిన్ ఆపెయ్. బండి కుడివైపు పడితే సైడ్‌స్టాండ్ ముందే తీసి ఉంచు, లేచాక అవతలి పక్కకి పడకుండా అదే పట్టుకుంటుంది, దొర్లకుండా గేరులో వెయ్యి. హ్యాండిల్‌ని బండి పడ్డ వైపుకి పూర్తిగా తిప్పి, సీటుకి వీపు పెట్టి కూర్చున్నట్టు నడుము ఆనించి, ఒక చేత్తో కింది గ్రిప్పు, రెండో చేత్తో వెనక గ్రాబ్‌రైల్ పట్టుకుని, చిన్న చిన్న అడుగులు వెనక్కి వేస్తూ కాళ్ళతో నెట్టాలి. ముందుకి వంగి చేతులతో పైకి లాగావా నడుము పట్టేస్తుంది. ఈ పద్ధతి ఎవరైనా తెలిసినవాళ్ళని పక్కన పెట్టుకుని కొనకముందే ఒకసారి చేసి చూడు, ఏ సైజు బండి నీ బండో నీకే తెలిసిపోతుంది.

ఇప్పుడు పవర్. 100 కిలోమీటర్ల స్పీడులో చదునైన రోడ్డు మీద నిలకడగా పోవడానికి ఇలాంటి బండికి కావాల్సింది 20 హార్స్‌పవర్ లోపే. మిగతా 140 ఎందుకంటే ఇద్దరు మనుషులు, మూడు బాక్సులతో ఘాట్ ఎక్కేటప్పుడు లారీని రెండు సెకన్లలో దాటడానికి, ఇంకా, దాచుకోవడం ఎందుకు, ఆనందానికి. ఆ ఆనందం నిజమైనది, దాని కోసం కొనుక్కోవడం తప్పు కాదు, కాకపోతే అవసరం అని మాత్రం మనకి మనం చెప్పుకోకూడదు. ఈ జాతి బళ్ళకి మూలపురుషుడు అనదగ్గ బీఎండబ్ల్యూ ఆర్ 80 జీ/ఎస్ 1980లో వచ్చినప్పుడు దాని పవర్ 50 హార్స్‌పవర్, ఆ మోడల్ మీదే ఉబేర్ ఓరియోల్ 1981లో పారిస్ డకార్ ర్యాలీ గెలిచాడు. ఎడారి దాటడానికి 160 అక్కర్లేదు మరి.

నీ ఫ్రెండ్స్ చెప్పే భయంలో ఒక నిజం ఉంది, వాళ్ళు దాన్ని సరిగ్గా చెప్పలేకపోతున్నారంతే. 40 హార్స్‌పవర్ బండి మీద నువ్వు ఓవర్‌టేక్ చేసేటప్పుడు థ్రాటిల్ మొత్తం తిప్పుతావు, ఆరేళ్ళుగా నీ మణికట్టుకి అదే అలవాటు, అలా తిప్పినా ప్రమాదమేం లేదు ఎందుకంటే ఇచ్చేదే తక్కువ కాబట్టి. ఇక్కడ అదే మణికట్టు అదే అలవాటుతో తిరిగితే నువ్వు ముందు వాహనాన్ని దాటేసి ఎదురుగా వచ్చే మలుపులో ఊహించనంత స్పీడులో ఉంటావు. 100లో ఉండాల్సినోడివి 140లో ఉంటే, బ్రేకులు తినాల్సిన శక్తి దాదాపు రెట్టింపు. ఎలక్ట్రానిక్స్ ఉన్నాయిగా అంటావేమో, ఉన్నాయి, నిజంగా గొప్పవి కూడా, మలుపులో వంగి ఉన్నప్పుడు కూడా పనిచేసే ఏబీఎస్‌ని (బ్రేకు వేసినప్పుడు చక్రం బిగుసుకుపోకుండా చూసేది) రోడ్డు బండి మీద మొదట పెట్టింది ఈ కేటీఎం వాళ్ళే, 1190 అడ్వెంచర్ 2014 మోడల్లో. రెయిన్ మోడ్ పెడితే ఈ 1290 పవర్‌ని 100 హార్స్‌పవర్‌కి కట్ చేస్తుంది. కానీ అవన్నీ ఉన్న గ్రిప్పుని జాగ్రత్తగా వాడటానికే, రోడ్డు మీద లేని గ్రిప్పుని అవి తెచ్చివ్వలేవు, నువ్వు తప్పు స్పీడుతో మలుపులోకి వెళ్తే సెన్సర్ దగ్గర సమాధానం లేదు.

ఇక నా మాట. నువ్వు ఒక్క బండే ఉంచుకుంటా, రోజూ ఆఫీసుకి కూడా అదే అన్నావు. అలాగైతే వద్దు. ఇది పెద్ద వీ ట్విన్, అంటే రెండు సిలిండర్లు V ఆకారంలో ఉండే ఇంజిన్, దాని వెనక సిలిండర్ వేడి ట్రాఫిక్‌లో తొడలకి తగులుతూనే ఉంటుంది, తక్కువ ఆర్‌పీఎంలో పెద్ద గేరులో లాగితే ఇంజిన్ దడదడ కొట్టుకుంటుంది కాబట్టి ఊరికే గేర్లు మారుస్తుండాలి, అద్దాలూ హ్యాండ్‌గార్డులూ కలిపి వెడల్పు చూస్తే సందులోంచి దూరే ఆశ వదులుకోవాలి. అలా నెలల తరబడి ఇష్టపడి కొన్న బండి మీద విసుక్కుంటూ తిరగడం చాలా బాధాకరం. అదే 400ని అమ్మకుండా ఉంచుకోగలిగి, దూర ప్రయాణాలు నిజంగానే తరచుగా చేస్తుంటే అప్పుడు హాయిగా తీసుకో, మొదట్లో రెయిన్ మోడ్‌లోనే నడుపు, ఖాళీ మైదానంలో బ్రేకింగ్, స్లో స్పీడ్ యూటర్న్‌లు నేర్పే ట్రైనింగ్ ఒకటి చెయ్యి. రెండు బళ్ళు కుదరవంటే మధ్య సైజు వైపు చూడు, దాని గురించి కింద ఇంకో ప్రశ్నలో రాశాను.

ప్రశ్న: సార్, నాకు 54 ఏళ్ళు, పెద్ద బళ్ళు కొత్త కాదు, తారు రోడ్డు టూరింగ్ తప్ప ఆఫ్‌రోడ్ జోలికి వెళ్ళను. బీఎండబ్ల్యూ ఆర్ 1300 జీఎస్, డుకాటి మల్టీస్ట్రాడా వీ4, కేటీఎం 1290, ఈ మూడింట్లో దేనికి మొగ్గు చూపాలి?

జవాబు: సార్, మీరు స్పెక్ షీట్ పక్కన పెట్టి ఒక్క విషయం ఆలోచించండి, రోజుకి ఎనిమిది గంటలు నడిపాక సాయంత్రం బండి దిగేటప్పుడు మీకు ఏం చేసే ఓపిక ఉంటుంది? కేటీఎం, డుకాటి రెండూ చైను బళ్ళు. లాంగ్ టూర్‌లో 500 నుంచి 1000 కిలోమీటర్లకోసారి చైను శుభ్రం చేసి ల్యూబ్ కొట్టాలి, వానలో తడిస్తే ఇంకా ముందే. జీఎస్ షాఫ్ట్ డ్రైవ్, చైను బదులు మూసి ఉన్న ఇరుసు వెనక చక్రాన్ని తిప్పుతుంది, ఆ పని ఉండదు. చిన్న విషయంలా కనపడుతుంది గానీ వరసగా పది రోజులు తిరిగేవాళ్ళకి ఇది చాలా పెద్ద తేడా, నన్నడిగితే టూరింగ్‌కి షాఫ్ట్ ఇచ్చే నిశ్చింత ఇంకేదీ ఇవ్వదు.

స్వభావాలు కూడా వేర్వేరు. జీఎస్ 145 హార్స్‌పవర్, 149 ఎన్ఎం టార్క్, ఆ టార్క్ కింద ఆర్‌పీఎం నుంచే దొరుకుతుంది, రెండు సిలిండర్లు చెరో పక్కకి అడ్డంగా ఉండే బాక్సర్ ఇంజిన్ కావడంతో బరువంతా కిందే ఉంటుంది, 237 కిలోలు అన్న అంకె చూసి భయపడ్డవాళ్ళు కూడా కదిలాక తేలిగ్గా ఉందే అంటారు. మల్టీస్ట్రాడా 1158 సీసీ, 170 హార్స్‌పవర్, పైకి తిప్పే కొద్దీ ఇంకా ఇంకా అంటూ లాగే ఇంజిన్, మీకు స్పోర్ట్స్ బైక్ మీద ఇంకా ప్రేమ చావలేదంటే దీని ముందు మిగతా రెండూ ఆనవు. డుకాటి అంటే వాల్వ్ సర్వీసుకే జేబు ఖాళీ అనే పాత భయం ఈ ఇంజిన్‌కి వర్తించదు, వాల్వులని స్ప్రింగు లేకుండా మూసే డెస్మో పద్ధతి తీసేసి మామూలు స్ప్రింగులు పెట్టారు, వాల్వ్ క్లియరెన్స్ చెకింగ్ 60,000 కిలోమీటర్లకి. కేటీఎంకి అదే 30,000. వేడి తగ్గించడానికి ఆగి ఉన్నప్పుడు వెనక రెండు సిలిండర్లు ఆపేసే ఏర్పాటు కూడా డుకాటిలో ఉంది. ముందూ వెనకా రెండు రాడార్లతో వచ్చిన మొదటి బైక్ కూడా అదే, ముందు వాహనాన్ని బట్టి క్రూజ్ కంట్రోల్ స్పీడు తనే సర్దుకుంటుంది, వెనక బ్లైండ్ స్పాట్‌లో ఎవరైనా ఉంటే అద్దంలో లైటు వెలుగుతుంది.

కేటీఎం ఈ మూడింట్లో బాగా చురుకైన బండి, మలుపుల రోడ్డు ఒంటరిగా తిరగడానికి నాకు చాలా ఇష్టమైనది, కానీ మీరు చెప్పిన వాడకానికి నా ఓటు జీఎస్‌కే. ఒక్క షరతు. మీరు వెళ్ళే దారుల్లో సర్వీస్ సెంటర్ ఏ కంపెనీది దగ్గరగా ఉందో మ్యాప్‌లో చూసుకోండి, ఒకవేళ అది వేరే కంపెనీది అయితే నేను పైన రాసిందంతా వదిలేసి దాన్నే తీసుకోండి. ఇన్ని సెన్సర్లు ఉన్న బండికి ఏదైనా వస్తే రోడ్డు పక్క మెకానిక్ అన్న కూడా ఏం చెయ్యలేడు, దాని సొంత స్కానర్ పెడితే గానీ ఏ పార్టు పోయిందో తెలియదు.

ప్రశ్న: మా ఆయన ఇలాంటి బండి కొంటానని రోజూ వీడియోలు చూపిస్తున్నారు. వెనక కూర్చునేది నేను. నా వైపు నుంచి ఏం చూడాలో ఎవరూ రాయరు, మీరైనా రాస్తారా?

జవాబు: అమ్మా, మీరు అడిగింది చాలా న్యాయమైన ప్రశ్న, ఎందుకంటే మీకు నచ్చకపోతే ఆ బండి ఇంట్లోనే ఉంటుంది, లేదా ఆయన ఒక్కరే తిరుగుతారు. షోరూమ్‌కి మీరు కూడా వెళ్ళండి, రైడింగ్ జాకెట్, హెల్మెట్, షూస్ వేసుకునే వెళ్ళండి. వెనక సీటు మీద ఊరికే ఎక్కి దిగడం కాదు, పదిహేను ఇరవై నిమిషాలు కూర్చోండి. మోకాళ్ళు ఎంత మడిచి ఉంటున్నాయి, ఫుట్‌పెగ్‌లు బాక్సు ఫ్రేముకి తగలకుండా ఉన్నాయా, గ్రాబ్‌రైల్ చేతికి అందుబాటులో ఉందా, లేక చెయ్యి వెనక్కి మెలితిప్పి పట్టుకోవాల్సి వస్తోందా చూడండి. ముందు అద్దం ఆయన తలకి బాగానే గాలి ఆపుతుంది, కానీ మీరు ఆయన కన్నా ఎత్తులో కూర్చుంటారు కాబట్టి ఆ గాలి సరిగ్గా మీ హెల్మెట్‌కి కొట్టొచ్చు, అది టెస్ట్ రైడ్‌లో ఇద్దరూ కలిసి వెళ్తే తప్ప తెలియదు. ఎక్కేటప్పుడు ఒక మాట పెట్టుకోండి, ఆయన రెండు కాళ్ళూ ఆనించి బ్రేకు పట్టుకుని సరే అన్నాకే మీరు పెగ్ మీద కాలు పెట్టాలి, ఈ బళ్ళు నిలబడి ఉండగానే పడిపోయే సందర్భాల్లో వెనకవాళ్ళు ఎక్కే క్షణం ఒకటి.

బరువు లెక్క కూడా మీరే అడగండి, మగవాళ్ళు దీన్ని పట్టించుకోరు. ఉదాహరణకి ఆర్ 1300 జీఎస్ మొత్తం అనుమతించిన బరువు 465 కిలోలు, బండే 237, అంటే మిగిలింది 228. ఇద్దరూ కలిపి 140 అనుకుందాం, జాకెట్లు హెల్మెట్లు బూట్లు కలిపి 15, ఖాళీ బాక్సులు వాటి స్టాండ్లు ఇంకో 15 నుంచి 20, సామానుకి మిగిలేది 50 పై చిలుకు. సరిపోతుంది, కానీ బరువైనవి టాప్ బాక్సులో పెట్టొద్దని చెప్పండి, అందులో సాధారణంగా 5 నుంచి 10 కిలోల లోపే పెట్టమని కంపెనీలు రాస్తాయి, ఎందుకంటే అది వెనక చక్రం ఇరుసుకి కూడా వెనక ఉంటుంది, బరువెక్కితే ముందు చక్రం తేలికై స్పీడులో హ్యాండిల్ ఊగడం మొదలవుతుంది. సస్పెన్షన్‌లో ఇద్దరు మనుషులు ప్లస్ లగేజీ అని సెట్టింగ్ ఉంటుంది, బయల్దేరేటప్పుడు ఆయన అది మార్చారా లేదా అని గుర్తు చెయ్యండి, మార్చకపోతే వెనక కుంగిపోయి ప్రతి గతుకూ మీ నడుముకే తగులుతుంది.

ప్రశ్న: నా ఎత్తు 5 అడుగుల 3 అంగుళాలు, నేనూ రైడర్నే. షోరూమ్‌లో ఎక్కితే బొటనవేళ్ళు కూడా సరిగ్గా ఆనలేదు, సేల్స్ అతను మీకెందుకండీ ఇవి అన్నాడు. నిజంగానే నాకు ఇవి కావా?

జవాబు: అతని మాట మర్చిపోండి మేడం. సీటు ఎత్తు అంకె ఒక్కటే చూడకూడదు, సీటు ముందు భాగం ఎంత సన్నగా ఉందో అది కూడా చూడాలి, 850 మిల్లీమీటర్లు ఉన్నా సన్నగా ఉన్న సీటు, 830 ఉండి వెడల్పుగా ఉన్న సీటు కన్నా బాగా ఆనుతుంది. చాలామంది రైడర్లు ఒక పక్కకి కొద్దిగా జరిగి ఒక్క కాలు పూర్తిగా ఆనించి రెండో కాలు పెగ్ మీదే ఉంచి ఆగుతారు, అది సాధనతో వస్తుంది. బండి ఆగేటప్పుడు తనంతట తనే కిందికి దిగే సస్పెన్షన్ కూడా ఇప్పుడు దొరుకుతోంది, హార్లే డేవిడ్‌సన్ పాన్ అమెరికా 1250 స్పెషల్‌కి ఆ ఆప్షన్ ఉంది, ఆర్ 1300 జీఎస్‌కి తీసుకుంటే ఆగినప్పుడు 850 నుంచి 820కి దిగుతుంది. బండి ఎత్తు తగ్గించడానికి సస్పెన్షన్‌లో వేసే లోయరింగ్ లింకులు బయట వేయించడం మాత్రం చివరి మార్గంగానే పెట్టుకోండి, బండి కిందికి దిగితే మలుపులో అడుగు భాగం త్వరగా రాసుకుంటుంది, సైడ్‌స్టాండ్ కూడా పొట్టిది మార్చాలి, లేకపోతే బండి స్టాండు మీద నిటారుగా నిలబడి చిన్న తోపుకే అవతలికి పడుతుంది. ఇవన్నీ చూశాక కూడా వాలు మీద ఆపడం భయంగానే ఉంటే ఆ బండి వద్దు, ఎందుకంటే భయపడుతూ నడిపే బండి మీద దారి చూడటం కుదరదు, ఎక్కడ ఆగాలా అనే ఆలోచనే నడుస్తుంటుంది.

ప్రశ్న: యమహా టెనెరే 700, హోండా ఆఫ్రికా ట్విన్ లాంటివి తీసుకుంటే తర్వాత పెద్దది కొననందుకు బాధపడతానేమో అని భయం. మట్టి దారులంటే నాకు ఇష్టం.

జవాబు: మట్టి దారి ఇష్టం అన్నాక ఇంక ఆలోచన ఎందుకు! టెనెరే 73 హార్స్‌పవర్ దగ్గర, ఆఫ్రికా ట్విన్ 102 దగ్గర, రెండిటికీ ముందు చక్రం 21 అంగుళాలు, వెనక 18. ఎత్తు చక్రం గుంతల్నీ రాళ్ళనీ సులువుగా ఎక్కేస్తుంది, దానికి సరిపోయే గట్టి పట్టు టైర్లు కూడా ఎక్కువ రకాలు దొరుకుతాయి. మల్టీస్ట్రాడా, జీఎస్, 1290 ఎస్ లాంటి వాటికి 19 అంగుళాల ముందు చక్రం, వెనక 17 వెడల్పాటి టైరు, అవి తారు రోడ్డుకి పుట్టినవి, చదునైన మట్టి రోడ్డు వరకు ఫర్వాలేదు, బురదలోనూ ఇసుకలోనూ మీ చేతులకి నొప్పి పుట్టిస్తాయి. ఇసుకలో కూరుకున్న 250 కిలోల బండి పక్కన ఒంటరిగా నిలబడ్డవాడు హార్స్‌పవర్ గురించి అస్సలు ఆలోచించడు. పవర్ తక్కువైందని బాధ అనేది హైవే మీద 120 దాటి ఇద్దరితో పోయేటప్పుడు మాత్రమే వస్తుంది, అది మీ జీవితంలో ఎంత భాగమో మీకే తెలుసు. టెనెరే సీటు 875 అని మాత్రం గుర్తుపెట్టుకుని వెళ్ళండి.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ పెద్ద అడ్వెంచర్ బండి చూడ్డానికి వెళ్తున్నా, ఏమేం చూడాలి? త్వరగా చెప్పండి, ఈ ఆదివారమే.

జవాబు: ఇంజిన్ చల్లగా ఉండగానే స్టార్ట్ చెయ్యమనండి, మీరు వెళ్ళేసరికే వేడిగా ఉంటే ఎందుకని అడగండి. సర్వీస్ రికార్డులో వాల్వ్ చెకింగ్ అయిందో లేదో చూడండి, 28,000 తిరిగిన 1290కి ఆ ఖర్చు మీ నెత్తిన పడబోతోందని అర్థం, బేరంలో అది తగ్గించుకోండి. రిమ్ములు చేత్తో తడిమి సొట్టలు, స్పోకులు ఉంటే ఒక్కొక్కటి తట్టి వదులు, ఫోర్కు సీళ్ళ దగ్గర ఆయిల్ తడి, చైను చివరి హద్దుదాకా లాగి ఉందా, ఇంజిన్ కింద స్కిడ్ ప్లేటు తీయించి అడుగున దెబ్బలు, ఇవి కళ్ళతో చూసేవి. పక్కన గార్డులు గీసుకుపోయి ఉంటే కంగారు పడకండి, ఈ బళ్ళు నిలబడి పడిపోవడం మామూలే, హ్యాండిల్ ఒక హద్దు దాటి తిరగకుండా ఆపే స్టాపర్లు విరిగి ఉంటేనో ఫ్రేము మీద కొత్త పెయింటు ఉంటేనో మాత్రం వెనక్కి వచ్చెయ్యండి. ప్రతి రైడింగ్ మోడ్, క్రూజ్ కంట్రోల్, రాడార్ ఉంటే రాడార్, అన్నీ నడుపుతూ చూడండి. క్విక్‌షిఫ్టర్ (క్లచ్ పట్టకుండా గేరు మార్చనిచ్చేది) లాంటి కొన్ని ఫీచర్లు సాఫ్ట్‌వేర్ ప్యాకులుగా విడిగా అమ్ముతారు, ప్రకటనలో రాసినవన్నీ ఈ బండిలో నిజంగా ఆన్ అయి ఉన్నాయో లేదో స్క్రీన్ మీద చూపించమనండి. కీలెస్ బండి అయితే రెండు రిమోట్‌లూ చేతికి తీసుకుని రెండిటితోనూ స్టార్ట్ చేసి చూశాకే డబ్బుల మాట మొదలుపెట్టండి.